గాటు పెట్టిన ఆసులు

మేం పై పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఉదయం ఆరింటికి కింది పోస్టు నుంచి బయల్దేరాం. నలుగురం, ఒకే తాడు. ముందు దారి తెలిసిన హవల్దార్, వెనక సామాను మోసే ఇద్దరు, మధ్యలో నేను. గాలి ఎడమ పక్క నుంచి కొడుతోంది. కళ్లద్దాల మీద మంచు పేరుకుంటే తుడుచుకోడానికి కూడా ఆగనివ్వలేదు. "ఆగితే ఒంటి మీద చెమట గడ్డకడుతుంది. నడువు" అన్నాడు హవల్దార్.

ఆ కొండ పేరు చెప్పకూడదు. చెప్పినా మీకు తెలిసే చోటు కాదు. తెల్లటి వాలు. దాని అంచున ఫైబరు గుడిసె ఒకటి. పక్కన ఏంటెనా. గుడిసె వెనక రెండు నీలం డ్రమ్ములు. అంతే పోస్టు. అందులో ఇద్దరుండాలి. ఎదుటి గట్టును బైనాక్యులర్‌లో చూస్తూ ఉండాలి. గంటకోసారి రేడియోలో కింది పోస్టుకు "సబ్ ఠీక్" అని చెప్పాలి. అదీ ఆర్డరు.

తలుపు తీయగానే వాసన ముఖాన కొట్టింది. కిరసనాయిలు పొగ, తడి ఉన్ని, కడగని నోరు, వాటన్నిటి అడుగున ఇంకేదో. మాది చౌడేపల్లె పక్క పల్లె. పాడావుల ఇల్లు. కొట్టంలో దూడ చచ్చి ఒక పూటంతా ఎవరూ చూసుకోకపోతే ఎలాంటి వాసన వస్తుందో నాకు తెలుసు. ఇది దానికి దగ్గర్లో ఉంది.

లోపల లాన్స్ నాయక్ ఒకడే ఉన్నాడు. అతని పాత జోడీ దగ్గు ముదిరి కిందికి వెళ్లిపోయాడు. ఆ జాగాలోనే నన్ను పంపారు. స్టవ్ పక్కన స్లీపింగ్ బ్యాగులో నడుము దాకా దూరి కూర్చున్నాడు. లేవలేదు. నన్ను తెచ్చిన ముగ్గురూ టీ తాగి చీకటి పడకముందే వెనక్కి దిగిపోయారు. అప్పుడు తెలుగులో అడిగాడు.

"చౌడేపల్లె అంట గదప్పా నీది? కింద నుంచి సెప్పినారు. నాది రామకుప్పం పక్క. మా నాయన పుంగనూరు సంతకు ఎద్దులు తోలకొచ్చేవాడు."

నాలుగేళ్ల సర్వీసులో మా జిల్లా మాట వినడం అదే మొదలు. వాసన మర్చిపోయాను.

"పేకాట వస్తాదా?" అన్నాడు.

"రమ్మీ వస్తాదన్నా."

"రమ్మీ ఇద్దరే ఆడితే నిద్రొస్తాది. ఇద్దరికనే ఒక ఆట ఉండాది. సాత్-ఆఠ్ అంటారు. నేర్పిస్తా, ఇట్లా రా."

ఇప్పుడు మదనపల్లెలో టీ అంగడి దగ్గర కనపడ్డవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: "సరిహద్దులో ఏం జేస్తాంటివప్పా?" పేకాడేవాణ్ని అంటే నవ్వుతారు, నమ్మరు. నమ్మేవాళ్ల కోసం ఆ ఆట చెబుతాను. ఇది తెలియకపోతే తక్కినదీ తెలియదు.

ముప్పై ముక్కలు చాలు. రెండు నుంచి ఆరు దాకా అన్నీ తీసెయ్యాలి. ఏడుల్లో ఇస్పేటు, ఆఠీను మాత్రం ఉంచుకోవాలి. ముందు చెరి ఐదు ముక్కలు చేతికి పంచుతారు. పంచనివాడు తన ఐదూ చూసి తురుఫు ఏదో చెప్పాలి. తర్వాత ఒక్కొక్కడి ముందు ఐదు ముక్కలు బోర్లా, వాటి నెత్తిన ఐదు వెల్లకిలా పరుస్తారు. పైది ఆడేస్తే కిందిది తిప్పుతారు. ఒకడు ముక్క వేస్తే రెండోవాడు అదే గుర్తు వేయాలి. లేకపోతే తురుఫుతో కొట్టొచ్చు, పనికిరాని ముక్క పారేయొచ్చు. పెద్ద ముక్క వేసినవాడిది ఆ పట్టు. వాడే మళ్లీ ముందు వేస్తాడు. మొత్తం పదిహేను పట్లు. తురుఫు చెప్పినవాడు ఎనిమిది తీయాలి, పంచినవాడు ఏడు. పేరు అందుకే సాత్-ఆఠ్.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు కిటుకు దీని తర్వాత. లెక్కకు మించి ఎన్ని పట్లు తీస్తే, వచ్చే ఆటలో ఎదుటివాడి చేతిలోంచి అన్ని ముక్కలు చూడకుండా లాక్కోవచ్చు. బదులుగా తన దగ్గరున్న చెత్త ముక్క వాడి చేతిలో పెట్టొచ్చు.

"ఇదేం న్యాయమన్నా? గెలిసినోడికే ఇంగా ఇస్తారా?" అన్నాను.

"న్యాయం నువ్వు యాడ జూసినావప్పా? పంచు."

పందెం అతనే చెప్పాడు. రోజూ మూడింటికి ఐదు ఆటలు. ఓడినవాడు ఆ రోజు బయటి పనులు చేయాలి. పైకప్పు మీద మంచు తీయడం. వాలు కింద పాతిపెట్టిన కిరసనాయిలు క్యాను తవ్వి తేవడం. నీలం డ్రమ్ము.

నీలం డ్రమ్ము గురించి ఎవరూ పుస్తకాల్లో రాయరు. ఆ ఎత్తులో ఏదీ కుళ్లదు, ఏదీ ఇంకదు. మనిషి లోంచి వచ్చింది వచ్చినట్టే రాయి అవుతుంది. డ్రమ్ము నిండకముందే కుప్పగా పైకి లేస్తుంది. దాన్ని మంచు గొడ్డలితో కొట్టి చదును చేయాలి. నిండాక తాడు కట్టి మంచు పగులు దాకా ఈడ్చుకెళ్లి తోసేయాలి. కొట్టేటప్పుడు పలుకులు ఎగిరి పెదవుల మీద పడేవి. పెదవి వేడికి కరిగేవి. ఇంతకు మించి చెప్పను.

మొదటి రోజు ఓడాను. రెండో రోజు ఓడాను. మొదటి వారమంతా ఓడాను. కొత్తవాణ్ని కదా అనుకున్నాను. తర్వాత ఆట వంటబట్టింది, అయినా ఓడుతూనే ఉన్నాను. రోజూ డ్రమ్ము నాదే, గొడ్డలి నాదే.

నాకు అతనంటే అసహ్యం పుట్టడం అక్కడ మొదలైంది. పంచేటప్పుడు ప్రతి ముక్కకూ బొటనవేలు నాలుక మీద రాసేవాడు. స్టవ్ మసి వల్ల మా ఇద్దరి ఉమ్మీ నల్లగానే ఉండేది. ఆ నల్ల ఉమ్మి ముక్కల మీద ఎండి, దాని మీద టిన్ను చేపల నూనె అంటి, రాజుకూ రాణికీ ముఖాలు కనపడకుండా పోయాయి. ముక్కలు ఒకదానికొకటి అంటుకునేవి. గోటితో విడదీసేవాణ్ని. ఆ గోళ్లతోనే రొట్టె తుంచుకుని తినేవాణ్ని.

పైగా అతను బయటికి రాడు. ఒకటికీ రెంటికీ కూడా రాడు. ఒక పాత పాల పొడి డబ్బా పెట్టుకున్నాడు. "సలి ఎక్కువుండాదప్పా" అనేవాడు. డబ్బా నేనే మోయాలి. సోమరిపోతు అనుకున్నాను. జిల్లావాడన్న అభిమానం నెల తిరక్కుండానే చచ్చిపోయింది. కింది నుంచి హవల్దార్ రేడియోలో "ఇద్దరూ బాగున్నారా? ఓవర్" అంటే, "సబ్ ఠీక్" అనేది అతనే. గొంతు మాత్రం గంట కొట్టినట్టుండేది.

రెండో నెలలో ఒక రోజు ఉదయం నుంచి గాలి లేచింది. ఒంటిగంటకు పైన ఏదో విరిగిన చప్పుడు. రేడియోలో గరగర, ఆ తర్వాత అదీ లేదు. ఏంటెనా పడిపోయింది. మూడు గంటలు మా మాట వినపడకపోతే కింది నుంచి మనుషులను పంపాలని ఆర్డరు. ఆ గాలిలో వాళ్లు బయల్దేరితే ఎంతమంది పైకి చేరతారో చెప్పలేం. కాబట్టి మూడు గంటల్లోపు మేమే నిలబెట్టాలి.

"ఇద్దరం పోదామన్నా. ఒకరు తాడు పట్టుకోవాల గదా" అన్నాను.

"ఇద్దరెందుకు? ఒక ఆట ఏస్తాం. ఓడినోడు పోతాడు. తాడు గుంజకు కట్టుకుంటే సాలు."

గాలికి గుడిసె గోడలు డొక్కల్లా లోపలికీ బయటికీ ఊగుతున్నాయి. ఈ మనిషి ముక్కలు కలుపుతున్నాడు. ముందు రోజు ఆఖరి ఆటలో అతను రెండు పట్లు ఎక్కువ తీశాడు. కాబట్టి రెండు ముక్కలు లాక్కోవాలి. నా వంతు తురుఫు. ఇస్పేటు ఆసు, రాజు చేతిలో ఉన్నాయి. ఇస్పేటు చెప్పాను. ముక్కలు విసనకర్రలా పట్టుకుని చాచాను.

అతని వేలు నా ఐదు ముక్కల నెత్తి మీద మెల్లగా పాకింది. కూరగాయల అంగడిలో బెండకాయల కొనలు తడుముతూ ఏరేవాళ్ల చేయి చూశారా, అలా. ఆసు దగ్గర ఆగింది. లాగింది. మళ్లీ పాకింది. రాజును లాగింది.

ఇన్ని రోజులూ అది ఎందుకు చూడలేదో నాకే తెలియదు. చేతి తొడుగు తీసేసి, అతని చేతిలోంచి ఆ ఆసు వెనక్కి గుంజుకున్నాను. అంచు వెంట గోరు పోనిచ్చాను. చిన్న గాటు. బ్లేడుతో పెట్టింది. తక్కిన ముక్కలన్నీ వెల్లకిలా పరిచి తడిమాను. నాలుగు ఆసులకూ గాట్లే. రాజులకు రెండేసి.

"ఇదేందన్నా?"

అతను స్లీపింగ్ బ్యాగు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"నీ డబ్బా మోసినాను. నీ వంతు డ్రమ్ము కొట్టినాను, నోట్లో పడినా సైరించినాను. లెయ్. ఈరోజు నువ్వే పోతాండావు. తాడు నేను పట్టుకుంటా."

"లేసేకి కాదప్పా."

"యాల కాదు?"

అతను స్లీపింగ్ బ్యాగు జిప్పు కింది దాకా లాగాడు.

వచ్చిన రోజు తలుపు దగ్గర కొట్టిన ఆ అడుగు వాసన ఇప్పుడు కుండ మూత తీసినట్టు లేచింది. ఎడమ పాదం మీద మేజోళ్లు మూడు. రెండు ఊడాయి. మూడోది చర్మంతో కలిసి వచ్చింది. ఐదు వేళ్లూ బొగ్గు రంగు. వేళ్ల మొదట్లో పసుప్పచ్చ నీరు. కుడి పాదంలో రెండు వేళ్లు అప్పుడే ఆ దారి పట్టాయి. నేను తలుపు దాకా కూడా పోలేకపోయాను. అక్కడే కక్కాను.

"ఎన్నాళ్లయింది?"

"నువ్వు రాకముందే. బూటులోకి తడి పోయింది. సూసుకోలేదు."

"సెప్పొచ్చు గదా!"

"సెప్తే? కాళ్లు సూసుకోలేదని తప్పు నాదే అంటారు. మెడికల్ కేటగిరీ తగ్గిస్తారు. నాయక్ ప్రమోషను పట్టీ ఇంగ రాదు. నాలుగు నెలలు ఇట్లే కూసోని లాగేస్తే కిందికి దిగినాక సూపించుకుందామనుకున్యా." చెదిరిన ముక్కలు ఏరుకుంటూ అన్నాడు. "ఒక్క దినం ఓడినా బయటికి పోవాల గదప్పా. ఒక్క దినం కూడా ఓడకూడదు నేను."

కొట్టాలనిపించింది. కొట్టడానికి కూడా అతన్ని ముట్టుకోవాలనిపించలేదు.

ఏంటెనా దగ్గరికి నేనే వెళ్లాను. తాడు గుంజకు కట్టాను. కాని గుంజ అతనికీ నచ్చలేదనుకుంటాను. మోచేతుల మీద పాకుతూ వచ్చి తలుపు గడప మీద బోర్లా పడుకుని, తాడు రెండు చుట్లు చేతికి చుట్టుకున్నాడు. "మెల్లగా పో. నేను ఇడిస్తే గదా నువ్వు పడేది" అని అరిచాడు. ముప్పావుగంట పట్టింది. రెండుసార్లు కాళ్ల కింద మంచు జారింది. రెండుసార్లూ తాడు బిగిసింది. తిరిగి వచ్చేసరికి అతని గడ్డం గడప మంచుకు అంటుకుపోయింది. వేడినీళ్లు పోసి విడదీశాను.

రేడియో పలికింది. హిందీలో చెప్పాను. "లాన్స్ నాయక్ కాళ్లకు మంచు కాటు. వేళ్లు నల్లబడ్డాయి. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

హవల్దార్ తప్పుకున్నాడు. అతని పైవాడు సుబేదారు గొంతు వచ్చింది. "ఎప్పటి నుంచి? ఓవర్."

"నెల దాటింది సాబ్. ఓవర్."

"నెల నుంచి నువ్వేం చేస్తున్నావ్? ఓవర్."

"పేకాడుతున్నాం సాబ్. ఓవర్."

చాలాసేపు గరగర. తర్వాత మాట. "కాళ్లు కాపాడుకోలేనివాడు సిపాయి ఎలా అయ్యాడు? ఈ గాలిలో ఏదీ ఎగరదు. మేనేజ్ చేయి. ఔట్."

మేనేజ్. ఆ మాట ఇప్పటికీ ఎవరైనా అంటే నాకు నోట్లో చేదు ఊరుతుంది. గోరువెచ్చని నీళ్లలో అతని పాదాలు పెట్టి, కళ్లు పక్కకు తిప్పుకుని గుడ్డతో అద్ది, పొడి చల్లి, కొత్త గుడ్డ చుట్టడం. నీళ్లు బయట పోయడం. మళ్లీ సాయంత్రం అదే. అదీ మేనేజ్ అంటే. అతను ఒక్కసారీ మూలగలేదు. నేను రోజూ కక్కాను.

మూడో రోజు మధ్యాహ్నం అడిగాడు. "ఒక ఆట ఏస్తామా?"

"ఏ ముక్కల్తో? నీ దొంగ ముక్కల్తోనా?"

"బ్లేడు తీసుకో. ముప్పైకీ గాట్లు పెట్టు. అప్పుడు నీకూ నాకూ ఒగటే గదా."

కూర్చుని అన్నిటికీ పెట్టాను. ఆ మసి ముక్కలు ఒక్కొక్కటే పట్టుకుని, అంచు చుట్టూ గాట్లు. పంచాను. ఆడాం. ఈసారి అతని వేలు నా ముక్కల మీద పాకలేదు. కళ్లు మూసుకుని లాగాడు. ఐదు ఆటల్లో నాలుగు అతనే గెలిచాడు. మర్నాడు ఐదూ గెలిచాడు. పోయిన ముక్కలన్నీ అతనికి గుర్తుండేవి. నా చేతిలో ఏముందో నాకంటే ముందే తెలిసేది.

"దొంగాట లేకుండానే గెలుస్తావు గదన్నా. మరి అదంతా యాల?"

"గెలుస్తాననుకుంటే సాలదప్పా. తెలిసుండాల."

అంత మంచి ఆటగాడు గాట్లు పెట్టుకున్నాడు. అది నాకు ఆ కాలి వేళ్ల కంటే ఎక్కువ రోత పుట్టించింది. అతని మీద కాదు, కాళ్లు చూపించుకోనివ్వని ఆ పట్టీ మీద.

ఐదో రోజు గాలి తెరిపిచ్చింది. హెలికాప్టర్ కింద వాలలేదు, నేలకు జానెడు ఎత్తున ఆగింది. అతన్ని వీపు మీద మోసుకెళ్లాను. రెక్కల గాలికి మంచు సూదుల్లా గుచ్చుతోంది. నా చెవిలో అరిచాడు: "తురుఫు తొందరపడి సెప్పొద్దు చౌడేపల్లే! ఐదూ సూసినాక ఒకసారి ఊపిరి పీల్చు!" లోపలి మనిషి అతన్ని చంకల కింద పట్టి లాక్కున్నాడు. నాకు కొత్త జోడీ వచ్చేదాకా నేనొక్కణ్నే "సబ్ ఠీక్" చెప్పాను.

గడువు తీరాక దిగాను. కొన్నేళ్లకు సర్వీసూ ముగిసింది. మదనపల్లె టమాటా మార్కెట్టులో సెక్యూరిటీ పని చూస్తున్నాను. అతనికి ఎడమ పాదం వేళ్లన్నీ తీసేశారు, కుడివి రెండు. నాయక్ పట్టీ రాలేదు. రామకుప్పం దగ్గర రాగి చేను చూసుకుంటున్నాడు. ఫోన్లో ఎప్పుడైనా మాట్లాడితే నవ్విస్తాడు. "ఏనుగులొస్తే అందురూ పరిగెత్తుతారప్పా. నేను ఆడనే కూసోని తిడతాండాను. అవే పోతాండాయి."

పోయిన ఏడాది మదనపల్లెలో ఒక సంఘంవాళ్లు మా ఇద్దరికీ సన్మానం పెట్టారు. కల్యాణ మండపం. గేటు దగ్గర ఫ్లెక్సీ. అందులో మా ఫోటోల వెనక మంచు కొండ, యుద్ధ విమానాలు, గురిపెట్టిన సైనికుడు. ఆ సైనికుడి యూనిఫాం మన దేశానిది కాదు. ఎవరికీ పట్టలేదు. అతను కుప్పం నుంచి బస్సులో వచ్చాడు. ప్రత్యేకంగా చేయించుకున్న నల్ల బూట్లు తుడిచి వేసుకున్నాడు. మెల్లగా, పడవ ఊగినట్టు నడిచి స్టేజి ఎక్కాడు.

మైకు ముందు నాకే ఇచ్చారు. యాంకర్ పిల్ల అడిగింది: "సార్, శత్రువులను ఎంతమందిని ఎదుర్కొన్నారు?"

"ఎవర్నీ చూడలేదమ్మా. ఇద్దరం పేకాడుకున్నాం. సాత్-ఆఠ్ అని. ముప్పై ముక్కలు" అని మొదలుపెట్టాను. హాలంతా నవ్వింది. జోకు అనుకున్నారు. పట్లు ఎన్నో చెప్పేలోపు మైకు తీసుకున్నారు.

తర్వాత సంఘం అధ్యక్షుడు లేచాడు. మండీ నడిపే పెద్దమనిషి. లాన్స్ నాయక్ మెడలో గజమాల వేశాడు. భుజం మీద చేయి వేసి మైకులో అన్నాడు: "దేశం కోసం ఈయన ఏం పోగొట్టుకున్నాడో మన పిల్లోళ్లు సూడాల. ఒకసారి ఆ బూటు ఇప్పప్పా."

నేను లేచాను. "ఏందయ్యా అది? ఆయనేమన్నా సంతలో ఎద్దా, కాళ్లు ఎత్తి సూసేదానికి?"

అధ్యక్షుడు నవ్వు ముఖంతోనే "నువ్వు కూసోప్పా, ఆయనకు లేని బాధ నీకెందుకు" అన్నాడు.

లాన్స్ నాయక్ నా వైపు చూశాడు. "ఇడ్సప్పా. అడిగినారు గదా, సూడనీ. బస్సుకు టయిం అవుతాంది." వంగాడు. గజమాల ముందుకు జారి ముఖానికి అడ్డం పడింది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. నేను పోయి పట్టుకున్నాను. పూల కింద అతని వేళ్లు లేసు ముడి వెతుకుతున్నాయి. బూటు ఊడింది. మేజోడు ఊడింది. వేళ్లు లేని పాదం, కొన దగ్గర గులాబి రంగు కుట్ల గీత, లైట్ల కింద స్టేజి మీద ఉంది. చప్పట్లు మోగాయి.

అప్పుడు ముందు వరుసలో ఒకాయన కనపడ్డాడు. పేరు తెలియదు. యాభై ఏళ్లుంటాయి. తెల్ల చొక్కా. బుగ్గలో మైసూరుపాకు నములుతున్నాడు. ఒక చేతిలో ఫోను ఎత్తి పట్టుకున్నాడు. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు అద్దం మీద ఆనించి, నెయ్యి అంటిన ఆ రెండు వేళ్లనూ మెల్లగా ఎడంగా జరిపాడు. పాదం పెద్దదైంది. చాలలేదు. మళ్లీ జరిపాడు. ఫోను నిండా ఆ కుట్ల గీత ఒక్కటే. దవడ ఆడుతూనే ఉంది.